ఎండు సరుకు కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకు

చి.ల.సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇంట్లో ఫో, అదే వియత్నాం వాళ్ళ నూడుల్స్ పులుసు, వండుతున్నావనీ, రుచి మాత్రం బయట తిన్నట్టు కుదరడం లేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎముకలు ఎంతసేపు మరిగించావో నేను అడగను. దినుసులు ఎక్కడ కొన్నావు, వాసన చూసి కొన్నావా, ప్యాకెట్టు మీద బొమ్మ చూసి కొన్నావా, అదీ నాకు కావలసింది. వియత్నాం వంట అనగానే అందరూ పచ్చి ఆకుల గురించీ, ఫిష్ సాస్ గురించీ చెబుతారు. పులుసుకి లోపలి నుంచి రుచినిచ్చేది ఎండు సరుకే. దాని గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

సైగాన్‌లోనే ఉన్నావు కాబట్టి సూపర్ మార్కెట్టు మానేసి చైనావాళ్ళ పేట చో లోన్‌లోని బిన్ తై మార్కెట్టుకి వెళ్ళు. అది టోకు బజారే అయినా చాలా కొట్లలో వంద గ్రాములు అడిగినా తూచి ఇస్తారు. మరీ పొద్దున్నే మాత్రం వెళ్ళకు. మన దగ్గర బోణీ పట్టింపు ఎంతో వీళ్ళకీ అంతే. మొదటి బేరం చేసి కొనకుండా వెళ్ళిపోతే ఆ రోజంతా వ్యాపారం సాగదని బాధపడతారు. కాస్త పొద్దెక్కాక వెళితే నింపాదిగా పట్టుకుని చూడనిస్తారు. కొట్లో పెద్దావిడ ఉంటే ‘కో’ అని పిలువు. మర్యాదగా ఉంటుంది, మంచి సరుకు లోపలి సంచిలోంచి బయటికి వస్తుంది.

ఇక అసలు మాట. మంచి ఎండు సరుకు చూడ్డానికి కాస్త కళ తప్పినట్టే ఉంటుంది. కళ్ళు జిగేల్మనేలా ఉంటే ముందు అనుమానించు.

ఎండ్రొయ్యలతో మొదలుపెడతాను, ఎందుకంటే మనకవి తెలుసనుకునే మోసపోతాం. మన కోస్తాలో చాలావరకు పచ్చి రొయ్యల్ని పొట్టుతోనే ఎండేస్తారు. వీళ్ళ తోమ్ ఖో అలా కాదు. ఉప్పునీళ్ళలో ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాత పొట్టు రాలగొడతారు. కా మావ్ వైపు సరుకుకి పేరెక్కువ, అందులోనూ రాచ్ గోక్‌ది. మంచి రొయ్య లేత నారింజ రంగులో ఉంటుంది, ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఒకటి వెలిసినట్టుంటుంది, ఒకటి కాస్త ముదురుగా ఉంటుంది. గుప్పెడు రొయ్యలూ ఒకే ఎరుపులో మెరుస్తున్నాయంటే రంగు కలిపారని. ఒంపు తిరిగి గట్టిగా ఉండాలి. గుప్పిట్లో నొక్కి వదిలితే విడివిడిగా రాలిపోవాలి, ముద్దగా అంటుకుంటే తడి ఉంచి తూకం పెంచారన్నమాట. ఒకటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమలు. మొదట ఉప్పు తగిలినా చివరికి తియ్యదనం మిగలాలి. ఉప్పు ఒక్కటే మిగిలితే ఆ సరుకు వద్దు. ముక్కుకి ఘాటుగా అమ్మోనియా కంపు కొడితే అక్కడి నుంచి కదిలిపో. ఇంటికి తెచ్చాక నాలుగు రొయ్యలు గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో వెయ్యి. నీళ్ళు ఎర్రబడితే ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళకు. తెత్ పండుగ, అంటే వీళ్ళ కొత్త సంవత్సరం, ముందు ధరలు బాగా పెరుగుతాయి. ఊరవేసిన కూ కియూ అనే చిన్న ఉల్లితో ఈ రొయ్యల్ని కలిపి అప్పుడు ఇక్కడ చాలా ఇళ్ళలో తింటారు కదా. ముందే కొనిపెట్టుకో.

ఎండు స్క్విడ్ కొంటే ఒళ్ళు లేత గులాబీ ఛాయలో ఉండాలి, తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉండాలి. పైన సన్నటి తెల్లపొడి ఉంటే భయం లేదు. నల్ల మచ్చలుంటే వద్దు.

ఫోలో నీకు తేడా వచ్చింది మసాలా దగ్గరే అని నా నమ్మకం. మన బిర్యానీలో పడే అనాసపువ్వు, దాల్చినచెక్క కూడా చాలావరకు వియత్నాం నుంచే వస్తాయి. కానీ మన కిరాణా కొట్టు డబ్బాలోకి చేరేసరికి వాటి వాసన సగం పోయి ఉంటుంది. ఇక్కడ దొరికేచోటే ఉండి పాత సరుకు వాడటం దేనికి? అనాసపువ్వుకి లాంగ్ సన్ పెట్టింది పేరు. పువ్వు ముక్కలు కాకుండా నిండుగా, ఎర్రమట్టి రంగులో ఉండాలి. ఎనిమిది రెక్కలూ విచ్చుకుని లోపల గింజలు నిగనిగలాడాలి. వాసన ఉండేది ఎక్కువగా రెక్కలోనే, గింజలో కాదు, కాబట్టి అడుగున రాలిన గింజల పొడి తూకంలో కలపనివ్వకు. రెక్కలు మరీ చిన్నవిగా, కొసలు కొక్కెంలా వంగి, సోంపు వాసన రాకపోతే అసలు ముట్టుకోకు. జపాన్ అనాసపువ్వు అని అచ్చం అలాంటిదే ఒక విషజాతి ఉంది.

దాల్చినచెక్క యెన్ బాయ్ ఊరి సరుకో, త్రా మీ ఊరి సరుకో అడుగు. మందంగా ఉన్న బెరడు తీసుకుని లోపలివైపు గోటితో గీకు. గీరినచోట నూనె తడి కనబడాలి, ఘాటు వెంటనే ముక్కుకి తగలాలి. చిన్న పలుకు నాలుక మీద పెట్టుకుంటే ముందు తీపి, తర్వాత మంట. వగరు మిగిలితే అది లేత చెక్క. కాగితంలా పొరలు చుట్టుకున్న సిలోన్ చెక్క ఎంత ఖరీదైనదైనా ఫోకి నప్పదు. నల్ల యాలక్కాయ, ఇక్కడ థావ్ క్వా అంటారు, మనదానికన్నా పెద్దది. ఉత్తరాన లావ్ కాయ్ కొండల్లో నిప్పుల వేడి మీద ఎండబెడతారు, అందుకే పొగ వాసన ఉంటుంది. చిట్లని కాయ ఏరుకో. కుండెడు పులుసుకి ఒక్కటి చాలు, వేసేముందు చితక్కొట్టు. ఇవన్నీ నూనె లేకుండా పెనం మీద వేయించాకే పులుసులో వెయ్యి.

మీ అత్తగారు శాకాహారి కదా, ఆవిడ వచ్చినప్పుడు పుట్టగొడుగులే ఆధారం. నెలకి రెండుసార్లు, పౌర్ణమినాడూ చాంద్రమాసం మొదటి రోజునా, ఇక్కడ చాలామంది మాంసం ముట్టరు, కాబట్టి శాకాహార సరుకు బాగా దొరుకుతుంది. నం దోంగ్ కో, అంటే షిటాకే పుట్టగొడుగు, అయితే టోపీ మందంగా, అంచు లోపలికి ముడుచుకుని, కాడ పొట్టిగా ఉన్నది మేలు. చల్లటి నీళ్ళలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టు, ఆ నీళ్ళు వడకట్టి పులుసులో పొయ్యి. చెవి ఆకారంలో ఉండే నం మియో ఒకవైపు నల్లగా, రెండోవైపు బూడిద రంగులో ఉండాలి, విరిస్తే పటుక్కుమనాలి. నాలుకకి తీపిగానో ఉప్పగానో తగిలితే బరువు కోసం పాకంలోనో ఉప్పునీళ్ళలోనో ముంచారని అర్థం. దీన్ని మాత్రం రాత్రంతా బయట నాననివ్వకు తల్లీ. అలా ఉంచితే ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారవ్వచ్చు, అది ఉడికించినా పోదు. ఒకటి రెండు గంటలు చాలు.

మియెన్ జోంగ్ సేమ్యా ఒక రకం దుంపపిండితో చేస్తారు, ఉత్తరాన బిన్ లియూది బాగుంటుంది. బూడిద రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉన్నదే తీసుకో. తెల్లగా మెరిసేది పెసరపిండిదైనా అయ్యుండాలి, బ్లీచ్ చేసిందైనా అయ్యుండాలి. కొట్టువాణ్ణి అడుగు. ఎండు లిల్లీ మొగ్గలు పసుపు పూసినట్టుండి పుల్లటి ఘాటు కొడితే గంధకం పొగ పెట్టారు. బాన్ త్రాంగ్‌కి, అంటే పల్చటి బియ్యప్పిండి రేకులకి, తై నిన్ వైపు త్రాంగ్ బాంగ్ ప్రసిద్ధి. వెదురు తడక అచ్చులు పడి కాస్త మసకగా ఉండే రేకులు కొను. గాజులా ఉన్నవాటిలో కర్రపెండలం పిండి ఎక్కువ, అవి చా యో అనే వేయించిన రోల్స్ చుట్టడానికి సాగుతాయి.

మే నుంచి నవంబరు దాకా ఇక్కడ ముసురే. రొయ్యలు, స్క్విడ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టు, మసాలాలు గాజు సీసాలో పొయ్యి మంటకి దూరంగా ఉంచు. బూజు కనబడితే కడిగి వాడదామనుకోకు, ప్యాకెట్టంతా పారెయ్యి. ఏదైనా మొదటిసారి వంద గ్రాములే తెచ్చుకో. వండి, తిని, నచ్చాకే ఆ కొట్టులో అరకిలో అడుగు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ