బండి ఆయిల్ తాగేస్తోంది, ఇంజిన్ దించాల్సిందేనా?

మీ ప్రశ్న ఇది కదా: పెట్రోల్ కారు, లక్ష కిలోమీటర్లకి దగ్గర పడింది, కింద చుక్క కారట్లేదు, అయినా సర్వీసుకీ సర్వీసుకీ మధ్య రెండు మూడు లీటర్లు ఆయిల్ పోయాల్సి వస్తోంది, మెకానిక్ ఏమో బోరుకొచ్చింది (సిలిండర్ లోపలి గోడలు అరిగిపోయాయి), ఇంజిన్ దించాల్సిందే అంటున్నాడు, నిజమేనా అని. నిజం కావచ్చండీ, కానీ ఆయనకి ఆ సంగతి ఎలా తెలిసిందో ముందు అడగండి. సైలెన్సర్ వాసన చూసి చెప్పేసుంటే మాత్రం ఒప్పుకోవద్దు. మా బండికీ అచ్చం ఇదే మాట చెప్పారు, చివరికి ఇంజిన్ దించకుండానే పని తేలిపోయింది, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఎంత తాగుతోందో లెక్క తేల్చండి. చదునుగా ఉన్న చోట బండి పెట్టి, ఇంజిన్ ఆపాక ఓ పది నిమిషాలు ఆగి ఆయిల్ గేజ్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడండి, పై గీత దాకా పోసి మీటర్ రీడింగ్ ఫోటో తీసిపెట్టుకోండి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే చోట అదే పద్ధతిలో చూడండి. చాలా చిన్న కార్లకి కింది గీత నుంచి పై గీత దాకా దాదాపు లీటరు పడుతుంది. వెయ్యికి వంద రెండొందల మిల్లీ అయితే పాత బండికి కంగారు అక్కర్లేదు, అర లీటరు దాటితే వెతకాల్సిందే. వెయ్యికి లీటరు దాకా మామూలే అని మాన్యువల్లోనే రాసేసే కంపెనీలున్నాయి, అది వారంటీ తప్పించుకోడానికి రాసుకున్న అంకె అని నా అభిప్రాయం. ఇంకోటి, డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలగలేదు కదా అని ధీమాగా ఉండకండి, అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ప్రెజర్ పడిపోయాక వెలుగుతుంది, వెలిగిందంటే అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి.

కింద చుక్క లేదన్నంత మాత్రాన లీకు లేనట్టు కాదు. బండి నడుస్తున్నప్పుడే కారి, వేడి పైపు మీద పడి కాలిపోయే లీకులుంటాయి. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచులు, ఆయిల్ ఫిల్టర్ మూతి, చాంబర్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) జాయింటు, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోటు కడిగించి రెండ్రోజులు తిప్పి టార్చ్ వేసి చూడండి. స్పార్క్ ప్లగ్గులు కూడా విప్పించి చూడండి. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలబడి మరలు తడిగా ఉంటే అది ట్యాపెట్ కవర్ కింది సీలు, చిన్న పని. ప్లగ్గు మొన తడిగా నల్లగా ఉంటే మాత్రం ఆయిల్ లోపల కాలుతోందని.

ఇక అసలు విషయం పొగ. నీలం పొగ అంటే ఆయిల్, అది అందరికీ తెలుసు, కానీ ఎప్పుడొస్తోంది అన్నది చాలామంది చూడరు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చెయ్యగానే గుప్పుమని వచ్చి పోతే వాల్వ్ సీల్స్ (వాల్వు కాడల చుట్టూ ఆయిల్ కిందికి దిగకుండా ఆపే సీళ్ళు) మీద అనుమానం, రాత్రి మొత్తం పైనుంచి చుక్క చుక్క దిగి వాల్వుల దగ్గర చేరుతుంది కాబట్టి. ఎక్స్‌లేటర్ తొక్కి లాగినంత సేపూ వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల మీద అనుమానం. మా బండి సంగతి తిరుమల నుంచి దిగేటప్పుడు బయటపడింది, ఘాట్‌లో గేరులో పెట్టి ఎక్స్‌లేటర్ వదిలేసి దిగుతాం కదా, అప్పుడు ఇన్‌టేక్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలో) పీలుడు బాగా ఎక్కువై వాల్వ్ గైడ్ల (వాల్వు కాడ కదిలే గొట్టాల) సందుల్లోంచి ఆయిల్‌ని లాగేస్తుంది, కింద మళ్ళీ తొక్కగానే వెనకంతా నీలం మబ్బు, వెనక బండిలో వస్తున్న మా బావ అలిపిరి దగ్గర ఆగాక చెప్పాడు.

అయినా సీల్స్ కంటే ముందు పీసీవీ వాల్వ్ చూడాలి, ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది అదే, మా ఊళ్ళో బ్రీదర్ అంటారు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చెయ్యండి. కొంచెం లోపలికి పీల్చినట్టుంటే మంచిదే. మూత ఊడి రానంతగా పీలుస్తూ ఈల శబ్దం వస్తే బ్రీదర్ తెరుచుకుని ఇరుక్కుపోయింది, ఆయిల్ ఆవిరంతా ఇన్‌టేక్‌లోకి పోతోందని. మూత ఎగిరెగిరి పడుతూ పొగ పైకి తంతుంటే బ్యాక్ కంప్రెషన్ (పైన కాలిన గాలి కిందికి తన్నడం), అంటే రింగులు అరిగాయి, లేదా బ్రీదర్ మూసుకుపోయింది. విడిగా వచ్చే వాల్వ్ అయితే తీసి చెవి దగ్గర ఊపండి, టిక్ టిక్ మనాలి. మాది మూగబోయింది. కొన్ని కొత్త ఇంజిన్లలో ఇది ట్యాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, అప్పుడు కవరు మొత్తం మార్చాలి, ఖర్చు పెరుగుతుంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్‌లో ఎంత ప్రెజర్ నిలుస్తోందో కొలవడం. అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి, ఒకటి తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలోంచి ఓ చెంచా ఆయిల్ వేసి మళ్ళీ చూస్తారు, పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. ఇక్కడో తిరకాసు ఉంది, మంచి మెకానిక్కులు కూడా దీంట్లో పడతారు. కంప్రెషన్ పట్టేది పై రెండు రింగులు, ఆయిల్‌ని గీకేది మూడోది. ఆ మూడోది కార్బన్‌తో బిగుసుకుపోయినా టెస్ట్‌లో అంకెలు బ్రహ్మాండంగా వస్తాయి. కాబట్టి కంప్రెషన్ బాగుంటే రింగులు బాగున్నట్టే అని తేల్చెయ్యకూడదు. కెమెరా గొట్టం ప్లగ్గు రంధ్రంలోంచి దింపి చూపించమనండి, పిస్టన్ అంచుల చుట్టూ కార్బన్ కడిగేసినట్టు శుభ్రంగా ఉంటే ఆయిల్ కింద నుంచి ఎక్కుతోంది. మాకు అంచులు నల్లగానే ఉన్నాయి, వాల్వుల వెనకవైపే జిడ్డు పేరుకుంది.

అందుకని ముందు బ్రీదర్ మార్చాం, తాగుడు కొంత తగ్గింది కానీ పొద్దుటి పొగ పోలేదు. ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో వాల్వ్ సీల్స్ మార్పించాం. హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) దించక్కర్లేదు, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టి వాల్వుల్ని కింద పడకుండా పట్టి ఉంచి స్ప్రింగులు విప్పుతారు, అయితే చాలా ఇంజిన్లకి క్యామ్ షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) విప్పాలి కాబట్టి టైమింగ్ కుదిర్చే చెయ్యి తిరిగినవాడే చెయ్యాలి. తీసిన సీల్స్ పాత కుక్కర్ గాస్కెట్‌లా గట్టిపడి ఉన్నాయి. గైడ్లలో ఆట (లూజు) ఉందేమో కూడా అప్పుడే చూపించుకోండి, ఆట ఉంటే కొత్త సీల్స్ ఎక్కువ కాలం నిలబడవు. ఇప్పుడు సర్వీసుల మధ్య విడిగా ఆయిల్ కొనట్లేదు. ఖర్చు మొదట చెప్పిన ఇంజిన్ పనిలో చిన్న వంతే.

మీది మూడో రింగే అని తేలినా వెంటనే దించక్కర్లేదు, ప్లగ్గు రంధ్రాల్లోంచి కార్బన్ క్లీనర్ పోసి రాత్రంతా నానబెట్టి ఆయిల్ మార్చి చూడొచ్చు, కొన్నిటికి పనిచేస్తుంది కొన్నిటికి చెయ్యదు. కానీ ప్లగ్గులు బిగించకముందే సెల్ఫ్ కొట్టి మిగిలిన ద్రవం బయటికి తన్నించాలి, లేదంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. అది కూడా కుదరకపోతే అప్పుడు దించండి, బోరు కొలతలు చూపించమనండి, కొలతలు సరిగా ఉంటే రింగుల సెట్టుతో సరిపోతుంది, బోరు పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేసే దాకా పోనక్కర్లేదు.

చిక్కటి ఆయిల్ పోస్తే ఆగుద్ది అని ఎవరో ఒకరు చెప్తారు. మాన్యువల్లో ఇచ్చిన గ్రేడుల్లో కాస్త చిక్కటిది, 5డబ్ల్యూ-30కి బదులు 5డబ్ల్యూ-40 లాంటిది, వాడితే కొంత తగ్గొచ్చు, మాన్యువల్లో లేని గ్రేడు మాత్రం వద్దు. అలాగని పోసుకుంటూ ఏళ్ళు గడపడమూ వద్దు, కాలిన ఆయిల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగాన్ని) పాడుచేస్తుంది, అది మార్చాలంటే ఈ సీల్స్ ఖర్చు దాని ముందు ఏ మూలకీ రాదు.

మీ బండికి టర్బో ఉందా లేదా చెప్పలేదు. ఉంటే ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు విప్పించి చూడండి, లోపల పల్చటి తేమ ఉంటే ఫర్వాలేదు, ఆయిల్ నిలబడి ఉంటే టర్బో సీల్ మీద అనుమానం. నాలుగు ప్లగ్గుల ఫోటోలు వరసగా పెట్టి, పొగ ఎప్పుడొస్తోందో రాయండి, చూసి చెప్తా.