ఫైలు దిగింది, సిస్టం లేవట్లేదు!

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో హార్డ్ డిస్క్ లేని సిస్టంలను లైనక్స్ సర్వర్ నుంచి నెట్‌వర్క్ మీద బూట్ చేస్తాం. పాతవి బాగానే లేస్తున్నాయి. కొత్తగా కొన్న ఆరు మాత్రం ‘ఎన్‌బీపీ ఫైల్ డౌన్‌లోడెడ్ సక్సెస్‌ఫుల్లీ’ అని చూపించి మళ్లీ బూట్ మెనూకే వస్తున్నాయి. నెట్‌వర్క్ కార్డులు పోయాయా?
– ల్యాబ్ ఇన్‌ఛార్జి, హనుమకొండ

జవాబు: కార్డులకేం కాలేదు. ఎన్‌బీపీ అంటే నెట్‌వర్క్ మీద దిగే బూట్ ఫైలు. ఆ మెసేజ్ వచ్చిందంటే నెట్‌వర్క్ అడ్రస్ దొరికింది, సర్వర్ దొరికింది, ఫైలూ దిగింది. కాకపోతే దిగింది ఆ సిస్టంకు పనికిరాని ఫైలు. సిస్టంను లేపే బోర్డులోని ప్రోగ్రాం రెండు రకాలు: పాతది బయోస్, కొత్తది యూఈఎఫ్ఐ. మీ పాతవి బయోస్‌వి, కొత్తవి యూఈఎఫ్ఐవి అయి ఉంటాయి. పీఎక్స్‌ఈలైనక్స్.0 అనే బూట్ ఫైలు బయోస్‌కే నడుస్తుంది. యూఈఎఫ్ఐకి గ్రబ్ (లైనక్స్‌ను లేపే ప్రోగ్రాం) లాంటి .ఈఎఫ్ఐ ఫైలు కావాలి.

లెగసీ మోడ్‌కు, అంటే పాత బయోస్ పద్ధతికి మార్చేయమని షాపువాళ్లు చెబుతారు. కొత్త బోర్డుల్లో చాలావాటికి ఆ మోడే లేదు. కాబట్టి సిస్టంలకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌లోనే సర్దాలి. సిస్టం అడ్రస్ అడిగేటప్పుడే తన రకమేంటో ఆప్షన్ 93 అనే గడిలో ఒక సంఖ్యగా చెబుతుంది. బయోస్ అయితే 0. 64 బిట్ యూఈఎఫ్ఐ అయితే మామూలుగా 7, కానీ కొన్ని పాత పత్రాల్లో 9 అని ఉంటుంది. ఈ తిరకాసుతో తల పట్టుకున్నవాళ్లు చాలామందే. 7కీ 9కీ ఒకే .ఈఎఫ్ఐ ఫైలు ఇచ్చేయండి, 0కి పాత ఫైలే ఉంచండి. బూట్ ఫైలు పేరు రాసే ఆప్షన్ 67లో ఒకే పేరు రాసేసి ఉంటే తీసేయండి, లేకపోతే అదే అన్నిటికీ పోతుంది.

సెక్యూర్ బూట్ (సంతకం లేని ఫైలును లేవనివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉంటే నేరుగా గ్రబ్ కాదు, ముందు సంతకం ఉన్న షిమ్ ఫైలు ఇవ్వాలి, అది గ్రబ్‌ను లేపుతుంది. సర్వర్ లైనక్స్ కదా, ఫైలు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా దొరకదు. అడ్రస్‌లు ఇచ్చేది ఇంటర్నెట్ రౌటర్ అయితే దాన్ని కదపకండి. సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంను ప్రాక్సీ మోడ్‌లో నడిపితే అడ్రస్ రౌటర్ ఇస్తుంది, ఫైలు పేరు ఇది చెబుతుంది.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా సిస్టంలన్నీ ‘పీఎక్స్‌ఈ-ఈ51’ అని ఆగిపోతున్నాయి. రీస్టార్ట్ చేస్తే లేస్తాయి. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పీఎక్స్‌ఈ అంటే నెట్‌వర్క్ మీద బూట్ అయ్యే పద్ధతి. ఈ51 అంటే అడ్రస్ ఇస్తామని ఎవరూ పలకలేదని. సిస్టం 4, 8, 16, 32 సెకన్ల చొప్పున, మొత్తం ఒక నిమిషం ఎదురుచూసి వదిలేస్తుంది. అప్పటికి మీ స్విచ్ ఇంకా లేస్తూనే ఉంటుంది. లేచాక కూడా స్పానింగ్ ట్రీ (కేబుళ్లు చుట్టూ తిరిగి కలిసి లూప్ పడకుండా చూసే స్విచ్ సదుపాయం) వల్ల ఒక్కో పోర్టు 15, 15 కలిపి 30 సెకన్లు డేటా వదలదు. సిస్టంలు తగిలించిన పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఈ ఆగుడు లేకుండా వెంటనే డేటా వదిలే సెట్టింగ్) పెట్టండి. ఇంకో స్విచ్‌కి వెళ్లే పోర్టుకు మాత్రం వద్దు, లూప్ పడితే ల్యాబ్ మొత్తం ఆగుతుంది. స్విచ్‌నీ సర్వర్‌నీ యూపీఎస్ మీద ఉంచండి. కరెంటు రాగానే సిస్టంలు వాటంతటవే ఆన్ అయ్యే సెట్టింగ్‌ను బయోస్‌లో ఆఫ్ చేయండి.

ప్రశ్న: మా సెంటర్‌లో కొన్ని సిస్టంలకు 192.168.1తో, కొన్నిటికి 192.168.0తో అడ్రస్ వస్తోంది. రెండో రకం వాటికి ప్రింటర్ దొరకదు.
– ఇంటర్నెట్ సెంటర్ యజమాని, జగిత్యాల

జవాబు: ఎవరో వైఫై రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టును మీ నెట్‌వర్క్‌కు తగిలించి ఉంటారు, అదీ అడ్రస్‌లు ఇస్తోంది. ముందు ఎవరు పలికితే వాళ్ల అడ్రసే సిస్టం తీసుకుంటుంది. తేడా ఉన్న సిస్టంలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ కొట్టి డీహెచ్‌సీపీ సర్వర్ అన్న లైను చూడండి, ఆ రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది. బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి దాని సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లి, ముందు డీహెచ్‌సీపీ ఆపి, తర్వాత దాని అడ్రస్‌ను 192.168.1లో ఎవరికీ ఇవ్వనిదానికి మార్చండి.