హెచ్‌ఆర్‌లో చేరిన మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగుల సంతృప్తి మీద సర్వే చేయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. సర్వే ఫారం కాసేపు పక్కన పెట్టు. ముందు ప్రమోషన్ల ఫైలు తెరువు. ఐటీఐ చేసి హెల్పరుగా చేరిన కుర్రాడు ఏళ్లు గడిచినా హెల్పరుగానే ఉన్నాడా, ఉంటే ఎందుకున్నాడు, ఆ కారణం అతనికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? వీటికి ఆ ఫైల్లో జవాబు లేకపోతే సర్వేలో ఏం వస్తుందో నేనిప్పుడే చెప్పగలను. ఒడిశాలోని ఈ రాయగడ జిల్లాలోనే ఫ్యాక్టరీ పర్సొనెల్ డిపార్టుమెంటులో, అంటే ఇప్పుడు మీరు హెచ్ఆర్ అనేదాంట్లో, జుట్టు నెరిసేదాకా పనిచేసినవాణ్ణి కదా.

జీతం పెంచితే సరిపోతుందని మీ పైవాళ్లు అంటారు. అమెరికాలో హెర్జ్‌బర్గ్ అనే ఆయన పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో తేల్చింది నువ్వు ఎంబీఏలో చదివే ఉంటావు. జీతం, సూపర్‌వైజరు తీరు, కంపెనీ రూల్సు బాగాలేకపోతే మనిషి విసిగిపోతాడు, కానీ అవి బాగున్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. అది పుట్టేది చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల కనిపించినప్పుడు. నేను చూసినదీ అదే. అలాగని మొదటివాటిని తేలిగ్గా తీసుకోకు. పీఎఫ్ నెలనెలా జమ అవుతోందా, సంక్రాంతికి పార్వతీపురం వెళ్లేవాడికి సెలవు దొరుకుతోందా అనేవి సరిగా లేకుండా కెరీర్ గురించి మాట్లాడితే ఎవరూ వినరు.

మన దగ్గర అసలు చిక్కు భాష. వర్క్‌షాపులో ఒకడిది ఒడియా, ఒకడిది తెలుగు, ఇంకొకడు ఇంట్లో కుయి మాట్లాడే కొంధు తెగ కుర్రాడు. ఏడాది పనికి మార్కులు వేసే అప్రైజల్ ఫారం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. సూపర్‌వైజరు నింపుతాడు, కుర్రాడు సంతకం పెడతాడు, తనకేం మార్కులు పడ్డాయో, ఏం నేర్చుకుంటే పై గ్రేడు వస్తుందో తెలియకుండానే ఏడాది గడిచిపోతుంది, పైగా మంచి పోస్టులన్నీ బయటివాళ్లకే పోతున్నాయని మనసులో మంట మొదలవుతుంది. నీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు కాబట్టి నువ్వే పక్కన కూర్చుని చెప్పించు. కుయి వాళ్లకి వాళ్లు నమ్మే సీనియర్ని తోడు పెట్టు.

ముందుముందు పై పోస్టులకి పనికొచ్చేవాళ్ల పేర్లతో టాలెంట్ లిస్టు అని ఒకటి తయారు చేయమంటారు చూడు, అక్కడ బాగా జాగ్రత్త. ఇంగ్లీషులో ప్రెజెంటేషన్ ఇచ్చేవాళ్ల పేర్లే అందులోకి ఎక్కుతాయి. శబ్దం విని ఏ బేరింగ్ పోబోతోందో చెప్పే ఫిట్టరు పేరు ఎవరికీ గుర్తుకు రాదు. అతన్ని కొత్తవాళ్లకి ట్రైనర్‌గా పెట్టు, రికార్డులో రాయించు, దానికి తగ్గ గ్రేడు అడుగు. ఉత్త చప్పట్లతో సరిపెట్టకు. ట్రైనింగ్‌కి ఎప్పుడూ ఆ నలుగురే వెళ్తున్నారేమో కూడా చూడు. ఖాళీ వస్తే బయట ప్రకటన ఇచ్చే ముందు లోపల నోటీసు బోర్డులో, రెండు భాషల్లో పెట్టించు.

ఇంతమందికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలనే బెల్ కర్వ్ మీ దగ్గర ఉందన్నావు. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే 2013లో ఆ పద్ధతిని వదిలేసింది, ఆ మాట మీ మేనేజరుతో చెప్పు. అందరూ బాగా చేసిన సెక్షన్లో ఎవరో ఒకరిని కింద వేయాల్సి వస్తే ఆ సెక్షన్లో ఒకరికొకరు పని నేర్పుకోవడం ఆగిపోతుంది.

రాజీనామా ఇచ్చాక కారణం అడిగితే మొహమాటానికి ఏదో చెప్పి వెళ్లిపోతారు. ఉన్నప్పుడే, నమ్మకంగా చేస్తున్నప్పుడే అడుగు.

అన్నీ ఒకేసారి ఒప్పుకోరు. ఒక్క మెయింటెనెన్స్ సెక్షన్లో చేసి చూపిస్తానని అడుగు. ఎవరెప్పుడు చేరారు, చివరి ప్రమోషన్ ఎప్పుడు, ఏ ట్రైనింగ్‌కి వెళ్లారు అనేవి ఒక షీటులో వేసుకో. ఏవైనా అర్థం కాకపోతే మీ మేనేజరుకి చెప్పి, పేర్లు తీసేసి నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న