టికెట్ వెయ్యి, బిల్లు పన్నెండొందల డెబ్భై నాలుగు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: టికెట్ యాప్‌లో మ్యూజికల్ నైట్‌కి వెయ్యి రూపాయల టికెట్ ఎంచుకుంటే చివరి పేజీలో 1,274.40 అడిగింది. ఈ పైడబ్బు ఎవరికి పోతుంది? – ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ముందు పన్ను సంగతి తేల్చుకుందాం. కచేరీ టికెట్ ఐదొందల వరకు జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. మీ వెయ్యికి 180 రూపాయలు. అది సర్కారుకు పోయేది కాబట్టి దాని గురించి యాప్‌తో గొడవపడి లాభం లేదు. మీరు పంపిన బిల్లులో కన్వీనియన్స్ ఫీజు 80, ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం పన్ను 14.40. అడగాల్సింది ఈ 94.40 గురించి.

ఆ ఎనభై మొత్తం యాప్ జేబులోకే వెళ్తుందనుకోకండి. ఒప్పందాన్ని బట్టి అందులో నిర్వాహకులకూ వాటా ఉండొచ్చు. పెద్ద షో అయితే టికెట్లు అమ్ముడుపోకముందే యాప్ అడ్వాన్స్ ఇవ్వడం కూడా ఈ వ్యాపారంలో మామూలే. స్టేడియం అద్దె, సౌండ్, లైటింగ్, గాయకుల అడ్వాన్సులు నెత్తిన ఉన్న నిర్వాహకుడికి అది చేబదులు లాంటిది. బదులుగా టికెట్లన్నీ ఆ ఒక్క యాప్‌లోనే అమ్ముతానని సంతకం పెడతాడు. ఫీజు ఎంతైనా మీరు వేరేచోట కొనలేకపోవడానికి కారణం ఆ సంతకమే.

ఫీజు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు చూపించారన్నదే మీకు చట్టం ప్రకారం పనికొచ్చే విషయం. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవారిని మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లో 13 పద్ధతులను తప్పుబట్టారు. మొదట తక్కువ ధర చూపించి చెల్లింపు దగ్గర పెంచడం వాటిలో ఒకటి. అడక్కుండానే విరాళమో బీమానో బిల్లులో కలిపేయడం మరొకటి. అందుకే బుక్ చేసేటప్పుడే మూడు స్క్రీన్‌షాట్లు తీయండి: ధర మొదట కనిపించిన పేజీ, సీటు ఎంచుకున్న పేజీ, డబ్బు కట్టబోయే ముందు పేజీ. ఫోన్ పైభాగంలో టైమ్ కూడా కనబడాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కట్టేశాక చేతిలో మిగిలేది చివరి ఇన్వాయిస్ ఒక్కటే, మొదట ఎంత చూపించారో అందులో ఉండదు.

ప్రశ్న: అమెరికాలో టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ కంపెనీ మీద ప్రభుత్వమే కేసు వేసిందట. మనమూ ఒక సీజన్ టికెట్లు కొనడం మానేస్తే ఈ యాప్‌ల పెత్తనం దిగిరాదా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దిగిరావడం కష్టం. అభిమానులే కాదు, అక్కడ పేరున్న బ్యాండే బరిలోకి దిగి ఓడింది. 1994లో పెర్ల్ జామ్ బృందం టికెట్ ధర ఇరవై డాలర్లు దాటకూడదని, సర్వీస్ చార్జి 1.80 డాలర్లు మించకూడదని పట్టుబట్టింది. టికెట్‌మాస్టర్ ఒప్పుకోలేదు. బృందం న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది, చట్టసభ ముందు వాంగ్మూలం ఇచ్చింది, ఆ వేసవి టూర్ మానుకుంది. 1995లో న్యాయశాఖ దర్యాప్తు మూసేసింది. ఆ కంపెనీని వదిలి కచేరీలు చేద్దామంటే పెద్ద వేదికల్లో చాలావరకు దానితో ఒప్పందాల్లో ఉన్నాయి. ఊరి బయట మైదానాలు వెతుక్కుని, చివరికి ఆ బృందం మళ్లీ టికెట్‌మాస్టర్ దగ్గరికే వచ్చింది.

2010లో టికెట్‌మాస్టర్, కచేరీలు నిర్వహించే లైవ్ నేషన్ ఒక్కటయ్యాయి. గాయకుడి టూర్, వేదిక, టికెట్ మూడూ ఒకే చేతిలోకి వచ్చాయి. 2022 నవంబర్‌లో గాయని టేలర్ స్విఫ్ట్ టూర్ ముందస్తు అమ్మకం రోజు 350 కోట్ల రిక్వెస్టులతో సైట్ కుప్పకూలింది, సాధారణ అమ్మకాన్నే రద్దు చేశారు. 2024 మేలో న్యాయశాఖ వేసిన దావాలో ముఖ్య ఆరోపణ ఇదీ: వేదిక యజమాని వేరే టికెట్ సంస్థకు మారితే పెద్ద షోలు తన దాకా రావేమోనని భయపడాల్సి వస్తోంది.

ఇంకో ఉదాహరణ కూడా ఉంది. 2023 మార్చిలో ద క్యూర్ బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ ఫీజుల గురించి బహిరంగంగా నిలదీస్తే, టికెట్‌మాస్టర్ కొందరు అభిమానులకు ఐదు నుంచి పది డాలర్లు వాపసు ఇచ్చింది. డబ్బు చిన్నదే. కాకపోతే గాయకుడు నోరు తెరిస్తే కంపెనీ కదులుతుందని తేలింది. మీ అభిమాన సంఘం యాప్‌కు వంద మెయిళ్లు పెట్టే బదులు గాయకుడి మేనేజర్‌కి ఒక ఉత్తరం రాయడం మేలు.

మన చట్టంలో ఒక మెలిక ఉంది. 2002 కాంపిటీషన్ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం మార్కెట్‌లో పెద్దవాడు కావడం తప్పు కాదు, ఆ బలాన్ని దుర్వినియోగం చేయడమే తప్పు. హైదరాబాద్‌కు చెందిన ఒక పోటీ సంస్థ ఫిర్యాదు మీద 2022 జూన్‌లో ఆ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ టికెట్ల యాప్ బుక్‌మైషోపై దర్యాప్తుకు ఆదేశించింది. అది సినిమా టికెట్ల విషయం. దర్యాప్తు అంటే దోషం రుజువైనట్టు కాదు. వ్యక్తులూ, వినియోగదారుల సంఘాలూ అయిదు వేలు రుసుము కట్టి ఈ కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే ‘నా దగ్గర ఎక్కువ తీసుకున్నారు’ అంటే అక్కడ కేసు నిలవదు. పోటీదారును బయటే ఆపిన ఒప్పందాన్ని చూపించాలి.

ప్రశ్న: యూపీఐలో డబ్బు పోయింది, టికెట్ రాలేదు. ‘ఏడు పనిదినాలు ఆగండి’ అంటున్నారు. – గవర్నర్‌పేట

జవాబు: యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి. డబ్బు అందినట్టు యాప్‌కు నిర్ధారణ చేరకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 సర్క్యులర్ ప్రకారం లావాదేవీ తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం, మీరు అడక్కపోయినా ఇవ్వాలి. యాప్ కస్టమర్ కేర్‌ను వదిలేసి ముందు మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కారం లేకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు.

ప్రశ్న: సోల్డ్ అవుట్ అయిన టికెట్ వాట్సాప్ గ్రూపులో రెట్టింపు ధరకు దొరుకుతోంది. కొనొచ్చా? – ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: వద్దు. క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ ఒకటే తీసి ఐదుగురికి అమ్ముతారు. గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడు లోపలికి, మిగతా నలుగురు రోడ్డు మీద. బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబై కచేరీల టికెట్లు 2024 సెప్టెంబర్‌లో 2,500 నుంచి 35,000 రూపాయలకు అమ్మకానికి పెడితే, రీసేల్ సైట్లలో లక్షల్లో పలికాయి. అంతటి గొడవ తర్వాత కూడా 2025 జనవరిలో బాంబే హైకోర్టు, చట్టం చేయడం శాసనసభల పని అంటూ పిటిషన్‌ను కొట్టేసింది. అంటే మీ డబ్బు పోతే మీరు వెళ్లగలిగేది మోసం కేసు దాకానే.

ప్రశ్న: ప్రభుత్వమే టికెట్ పోర్టల్ పెడితే సరిపోదా? – సత్యనారాయణపురం

జవాబు: మన రాష్ట్రంలో సినిమాలకు ఆ ప్రయత్నం జరిగింది. 2021లో చట్టం సవరించారు, 2022 జూన్‌లో జీవో ఇచ్చారు, జులైలో హైకోర్టు స్టే ఇచ్చింది. ఒక గుమాస్తాను తీసేసి ఇంకో గుమాస్తాను కూర్చోబెడితే పోటీ పెరగదనేది మా అభిప్రాయం.

మనకు అమెరికాలో లేని ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడ నిర్వాహకుడు ఒక్కో షోకి యాప్‌ను కొత్తగా ఎంచుకుంటాడు, వేదిక దానికి కట్టుబడి ఉండదు. మన ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియం లాంటి ప్రజల ఆస్తిని అద్దెకిచ్చేటప్పుడు రెండు షరతులు రాయించవచ్చు: వంద టికెట్లలో ఇరవై కౌంటర్‌లో ఫీజు లేకుండా అమ్మాలి, పోస్టర్ మీద అన్నీ కలిపిన ధరే వేయాలి. కార్పొరేటర్‌కు, కమిషనర్‌కు ఇచ్చే అర్జీలో ఈ రెండే రాయండి, మూడోది వద్దు.

సొంత బిల్లు గొడవకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు కాబట్టి కంపెనీ ముంబైలో ఉందని భయపడనక్కర్లేదు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు, గడువు రెండేళ్లు. పటమట పాఠకురాలి 94.40 కోసం ఒక్కరే వెళ్తే ఆటో చార్జీలకే సరి. అదే షోకి వెళ్లిన ఇరవైమంది తమ మూడేసి స్క్రీన్‌షాట్లతో ఉమ్మడిగా వేస్తే ఆ పేజీలు ఒకదానికొకటి సాక్ష్యమవుతాయి.