ఎర్రాకు మొక్కకి ముందు చీకటి కావాలి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఈసారి క్రిస్మస్‌కి పాయిన్‌సెట్టియా, అదే ఆ ఎర్రాకు మొక్క, కవర్లలో పెంచి అమ్ముతావని మీ నాన్న చెప్పాడు. మంచి ఆలోచన. కాకపోతే నీ షెడ్డు కడియపులంకలో హైవే పక్కనే ఉంది, నా టెన్షన్ అదే. ఏ ఎరువు వెయ్యాలి, ఏ మందు కొట్టాలి అని అడిగావట. అవి తర్వాత చూద్దాం. ముందు ఒక రాత్రి షెడ్డులో నిలబడి వెలుతురు ఎటునుంచి పడుతోందో చూడు.

ఆ మొక్కలో ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే. కాగితంపూల చెట్టుకీ అంతే. అసలు పూలు ఆ ఎరుపు మధ్యలో పసుప్పచ్చగా, గుత్తిగా ఉండే చిన్న బుడిపెలు. కొనేవాళ్లు ఎరుపు చూస్తారు, నువ్వు బుడిపెలు చూడాలి. అవి విచ్చి పుప్పొడి రాలుతోందంటే ఎర్రాకులు ఇక ఎక్కువ రోజులు నిలవవు. మూసుకుని ఉండగానే బండి ఎక్కించెయ్యి.

దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ 1820ల్లో తమ దేశానికి పంపితే, తర్వాత ప్రపంచమంతా పాకింది. దక్షిణ మెక్సికోలో అది పుట్టిన కొండవాలులు దాదాపు మన గోదావరి అక్షాంశాల్లోనే ఉన్నాయి. అందుకని దానికి కావలసినంత పొడవు రాత్రులు మనకీ సహజంగానే వస్తాయి. డిసెంబర్‌లో మన రాత్రి సుమారు 13 గంటలు. లోటల్లా అక్కడి చల్లదనం ఒక్కటే.

పగలు, రాత్రి పొడవుల్ని బట్టి మొక్క పూతకి వస్తుందన్న సంగతి స్పష్టంగా తేలింది పొగాకు మీదే. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని ప్రచురించారు. మన గోదావరి పొగాకు రైతులు గర్వంగా చెప్పుకోదగ్గ ముచ్చట. ఆకులో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే ఒక రూపంలోకి మారుతుంది, చీకట్లో మెల్లగా వెనక్కి వస్తుంది. చీకటి ఎడతెగకుండా చాలాసేపు ఉంటేనే మొక్క పూతకి సిద్ధమవుతుంది. నడిరాత్రి కాసేపు లైటు పడినా సరే, ఆ పొడుగు రాత్రి దాని లెక్కలో రెండు పొట్టి రాత్రులైపోతుంది. చామంతి రైతులు బల్బులు వేలాడదీసి పూత ఆపేది ఈ కిటుకుతోనే. పక్క మడిలో ఎవరైనా అలా బల్బులు పెడితే నీ మొక్కలు పచ్చగానే ఉండిపోతాయి.

కాబట్టి సెప్టెంబర్ మొదటి వారం దాటాక మొక్కల కొన చిగుళ్లు తుంచకు. రంగు రావడానికి 8 నుంచి 10 వారాలు పడుతుంది. డిసెంబర్ నడిమికి సరుకు కావాలంటే అక్టోబర్ మొదటి వారం నుంచే చీకటి అందాలి. సరిగ్గా అప్పుడే దసరా పందిళ్ల సీరియల్ లైట్లు, ఆపైన దీపావళి. హైవే వైపు నల్ల టార్పాలిన్ దించు. సాయంత్రం 6 నుంచి పొద్దున్న 8 దాకా, ఒక్క రాత్రి కూడా తప్పనివ్వకు. కాపలావాడు టార్చి వేసుకుని షెడ్డులో తిరగకూడదని గట్టిగా చెప్పు.

అలాగని ఎండ ఉండగానే కప్పెయ్యకు. మన అక్టోబర్ రాత్రులు అసలే ఉక్క. లోపల వేడి నిలిచిపోతే ఎంత చీకటి ఇచ్చినా రంగు ఆలస్యమవుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక, లైటు లేని వైపు పరదా ఎత్తి గాలి ఆడనివ్వు. నా లెక్కలో ఎరువు కన్నా ఈ పనికే ఎక్కువ విలువ.

తుపాను వానలకి కవర్లలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. ఉత్త ఒండ్రుమట్టి నింపకు, కోకోపిట్ (కొబ్బరి పొట్టు) కలుపు. తుంచినచోట కారే పాలు చర్మానికి మంట పెడతాయి, ఆ చేత్తో కళ్లు తుడుచుకోవద్దని పనివాళ్లకి చెప్పు. ప్రాణం తీసే విషం అని భయపడేవాళ్లుంటారు. అంత లేదు.

క్రిస్మస్ చెట్టని అడిగేవాళ్లకి అరకేరియా కూడా పెడతానన్నావట. పక్కకొమ్మ కటింగ్‌తో లేపిన మొక్క కొనకు. వేరు పట్టినా అది పక్కకే సాగుతుంది, నిటారుగా లేవదు. విత్తనం మొక్కో, తలకొమ్మ నుంచి తీసిందో అడిగి తెచ్చుకో.

డబ్బు పెట్టలేనివాళ్లకి సరుగుడు చూపించు, తీరం పొడుగునా తోటలున్నాయి. దాన్ని పైన్ అని చెప్పి అమ్మకు. అది పూలు పూసే చెట్టు. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. కణుపు దగ్గర లాగి విడదీస్తే అంచున పళ్లలా ఉంటాయే, అవీ ఆకులు. కొనడానికొచ్చే పిల్లలకి ఒక రెమ్మ విడదీసి చూపించు.

పండగయ్యాక మిగిలిన పాయిన్‌సెట్టియా పారెయ్యకు. మార్చిలో కొమ్మలు కురచగా కత్తిరించి, వేసవంతా షేడ్ నెట్ కింద ఉంచు. వానలు పడ్డాక ఆ కొత్త చిగుళ్ల నుంచే వచ్చే ఏడాదికి కటింగ్స్ తీసుకోవచ్చు.

మీ పెదనాన్న