గిలటిన్ పట్టు: మెడలో జరిగేదేమిటి?

ప్రశ్న: మా అబ్బాయి బ్రెజిలియన్ జుజుత్సు నేర్చుకుంటున్నాడు. మెడను ముందు నుంచి బిగించే గిలటిన్ చోక్‌లో ఊపిరాడకే స్పృహ తప్పుతుందా? ఇంట్లో తమ్ముడితో సాధన చేయనివ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పట్టు సరిగ్గా కుదిరితే ఊపిరి కంటే ముందు మెదడుకు వెళ్లే రక్తం తగ్గిపోతుంది. కాళ్లు పట్టుకోవాలని తల వంచి దూసుకొచ్చిన ప్రత్యర్థి మెడ చుట్టూ చేయి వేసి, తలను చంకలో ఇరికించి, ఆ మణికట్టును రెండో చేత్తో అందుకుని పైకి ఎత్తినప్పుడు మెడకు ఇరుపక్కలా ఉన్న కెరోటిడ్ ధమనులు నొక్కుకుపోతాయి. పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. 2011 డిసెంబరులో టొరంటోలో జరిగిన యూఎఫ్‌సీ 140 అనే మిశ్రమ యుద్ధకళల (ఎంఎంఏ) పోటీల్లో జాన్ జోన్స్ నిలబడే ఈ పట్టు బిగించగా, లియోటో మచీడా ఓటమి ఒప్పుకోకుండానే స్పృహ కోల్పోయి, వదలగానే కుప్పకూలాడు.

ముంజేతి ఎముక గొంతు మీద పడితే మాత్రం శ్వాసనాళం నలుగుతుంది. కొత్తవారు కేవలం బలం మీద ఆధారపడి చేసే పొరపాటు ఇదే, నిజమైన ప్రమాదమూ ఇక్కడే ఉంది. అందుకే ఇంట్లో వద్దమ్మా. గురువు కళ్లెదుట, ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టగానే వదిలేసే తోటివారితోనే చేయనివ్వండి. సాధన తరువాత గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా వెంటనే వైద్యుడికి చూపించండి.