బేరింగ్ పోయింది సరే, ఆ షెల్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో 2019లో డీజిల్ కారు కొన్నాం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్‌లోని మా అక్కావాళ్ల ఇంటి ముందు బండి మునిగింది. మా బావగారు స్టార్ట్ చేయబోతే ఒక్క తిప్పు తిరిగి ఆగిపోయింది. ఇంజిన్ రక్షణ యాడ్-ఆన్ ఉండటంతో ఇన్సూరెన్సు వచ్చింది. షోరూం వర్క్‌షాప్‌లో ఇంజిన్ విప్పి బాగు చేసి అక్టోబరు 21న బండి ఇచ్చారు. బిల్లు 2,14,000 అయితే నా వాటా 62,000. 2025 ఆగస్టులో ఆటోనగర్‌లో ఒక గ్యారేజీలో ఆయిల్ మార్పించాను. నవంబరు చివరి వారంలో టక టక శబ్దం మొదలైంది. వీడియో తీసి వర్క్‌షాప్‌కి వాట్సాప్‌లో పంపితే సర్వీసుకు వచ్చినప్పుడు చూద్దామన్నారు. డిసెంబరు 2న ఆయిల్ లైటు వెలిగింది. ఇంటికి దగ్గరే కదా అని 9 కిలోమీటర్లు నడిపాను. బెంజ్ సర్కిల్ దాటాక ఆగిపోయింది. వర్క్‌షాప్ వాళ్లు చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) దింపి, మూడో సిలిండర్ రాడ్ బేరింగ్ పోయింది, ఆయిల్ లేకుండా నడపడమే కారణం, హాఫ్ ఇంజిన్‌కి (ఇంజిన్ కింది సగం మార్చడానికి) 1,40,000 అవుతుందన్నారు. పైగా రోజుకు 300 పార్కింగ్ చార్జీ అంటున్నారు. మేనేజరు కస్టమర్లందరి ముందు నన్ను చులకనగా మాట్లాడాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. బావగారేమో బండిని ఆటోనగర్ లాక్కెళ్లి 70 వేలల్లో చేయించి తర్వాత కేసు వేద్దామంటున్నారు. ఒక మిత్రుడు చాంబర్‌కి దెబ్బ కొట్టి, రాయి తగిలిందని ఇన్సూరెన్సుకు పెట్టమంటున్నాడు. నాకు 20 లక్షల నష్టపరిహారం వస్తుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు. పై భాగం దానికి సారాంశం. అందులో రెండు పేజీలు మేనేజరు అన్న మాటలే. వాటిని పక్కన పెట్టండి. మీ కేసు తేలేది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన చోట, "ఒక్క తిప్పు తిరిగి ఆగిపోయింది" అన్న దగ్గర.

ఎందుకో చెప్తాను. సిలిండర్‌లోకి నీళ్లు చేరినప్పుడు ఇంజిన్ తిప్పితే పిస్టన్ పైకి వస్తుంది. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు. ఆ ఒత్తిడంతా పడేది పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజిన్‌లో తిరిగే ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ మీద. అది కంటికి ఆనని కొంచెం వంపు తిరిగినా చాలు. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, నెలల తరబడి నడుస్తుంది కూడా. కానీ రాడ్ కింది కొసన ఉండే రెండు అర్ధచంద్రాకారపు బేరింగ్ షెల్స్ మీద బరువు సమానంగా పడదు. పై షెల్ ఒక అంచున, కింది షెల్ దానికి ఎదురు అంచున అరుగుతాయి. అలాంటి ఐమూల అరుగుదలకు సాధారణంగా కారణం వంగిన రాడ్డే. ఆయిల్ లేక పోయిన బేరింగ్ ముఖం ఇలా ఉండదు. పై పూత మొత్తం కరిగి పూసుకుపోతుంది, వేడికి నల్లబడుతుంది, క్రాంక్ మీద నీలి చాయ కనిపిస్తుంది. అసలు ఆయిలే అందకపోతే ఒక్క మూడో సిలిండరుతో ఆగడం అరుదు, మిగతా షెల్స్ మీద కూడా ఎంతో కొంత ఆనవాలు ఉంటుంది. వరద నీటి బురద ఆయిల్ దారుల్లో మిగిలిపోతే షెల్ మెత్తటి పూతలో రేణువులు దిగబడి చుట్టూ గీతలు పడతాయి. బిగించేటప్పుడు షెల్ వెనక చిన్న మట్టి కణం ఉండిపోయినా సరిగ్గా దాని ఎదురుగా ముఖం మీద ఒక మచ్చ అరుగుతుంది. చదవడం వచ్చినవాడికి ఆ రేకు ముక్క నా దగ్గరకొచ్చే చాలామంది సాక్షుల కంటే స్పష్టంగా మాట్లాడుతుంది.

ఇక మీరు పంపిన 2024 బిల్లు ఫొటో పెద్దది చేసి చూశాను. గాస్కెట్ సెట్, రింగ్ సెట్, బేరింగ్ సెట్, ఆయిల్, ఫిల్టర్లు, లేబరు ఉన్నాయి. కనెక్టింగ్ రాడ్ అనే మాట లేదు. మార్చినట్టు లేదు, వంపు ఉందేమో చూసినట్టూ లేదు. నీళ్లు మింగిన ఇంజిన్ విప్పి, రింగులు, బేరింగులు కొత్తవి వేసి, రాడ్ నిటారుగా ఉందో లేదో చూడకుండా మూసేస్తే అది సేవాలోపం. ఇప్పుడు మూడో రాడ్ వంగి ఉందని తేలితే మీ కేసుకు సగం బలం ఆ బిల్లే. వంగి లేదని తేలితే మీరు అనుకుంటున్న కేసు దాదాపు లేనట్టే. అది కూడా ముందే తెలుసుకోవడం మంచిది.

చాంబర్ దింపినప్పుడు మూడో సిలిండర్ షెల్ మీకు చూపించారని రాశారు. చేతిలో ఫోన్ ఉంది, వారం ముందు శబ్దానికి వీడియో తీసిన మనిషే మీరు. షెల్‌కి ఒక్క ఫొటో ఎందుకు తీయలేదు? ఆటోనగర్‌లో ఆయిల్ మార్పించినప్పుడు బిల్లు ఎందుకు తీసుకోలేదు? ఆయిల్ లైటు ఎర్రగా వెలుగుతుంటే 9 కిలోమీటర్లు నడపడం దేనికి? టోయింగ్ ఖర్చు మిగిలిందని మీకు అనిపించి ఉండొచ్చు. ఎదుటివాళ్ల వకీలు తన వాదనంతా ఆ 9 కిలోమీటర్ల మీదే కడతాడు.

అయినా దానికి జవాబు లేకపోలేదు. శబ్దం ముందు వచ్చిందా, లైటు ముందు వెలిగిందా? బేరింగ్ అరిగి ఖాళీ పెరిగితే ఆయిల్ ఆ సందులోంచి జారిపోయి ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు లైటు వెలుగుతుంది. అంటే లైటు రోగానికి కారణం కాకుండా లక్షణం కావచ్చు. వారం ముందే టక టక మన్నదని తేదీతో సహా చెప్పేది మీ వాట్సాప్ వీడియో. సర్వీసుకు వచ్చినప్పుడు చూద్దామన్న వాళ్ల జవాబు దాని కిందే ఉంది. 9 కిలోమీటర్లు నడిపిన మాట దాచకండి, ఫిర్యాదులో మీరే రాయండి. దానివల్ల నష్టం పెరిగిందని వినియోగదారుల కమిషన్ అనుకుంటే పరిహారంలో కొంత కోత పడొచ్చు. మీరు దాచి, వాళ్లు బయటపెడితే మీ మిగతా మాటలకూ విలువ ఉండదు. ఇంకో సంగతి, చాంబర్ దింపాలంటే ముందు ఆయిల్ తీసేయాలి. ఎన్ని లీటర్లు దిగింది? డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూశారా? డిసెంబరు 2 నాటి జాబ్ కార్డ్‌లో (బండి తీసుకున్నప్పుడు వర్క్‌షాప్ రాసే కాగితంలో) రాశారా? కొలవకుండా పారబోసి ఉంటే "ఆయిల్ లేదు" అన్నది వాళ్ల నోటిమాటే. ఆ జాబ్ కార్డ్ కాపీ వెంటనే అడిగి తీసుకోండి.

గడువు సంగతి మీరు అడగలేదు, ఎవరూ అడగరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కేసు వేసే హక్కు పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీ విషయంలో ఆ రోజు ఏది? ఆటోనగర్ గ్యారేజీ తప్పని తేలితే లెక్క 2025 ఆగస్టు దగ్గర మొదలవుతుంది. వరద రిపేరులో తప్పయితే, లోపం బయటపడింది 2025 డిసెంబరులో కాబట్టి అక్కణ్నుంచి లెక్కించాలని నేను వాదిస్తాను. బండి అప్పగించిన 2024 అక్టోబరు 21 నుంచి లెక్కించాలని వాళ్లు వాదిస్తారు. ఆ వాదనలో గెలుపు మీద ఆశ పెట్టుకుని తిరగడం తెలివి కాదు. అన్నిటికంటే ముందు ముగిసే తేదీనే మీ తేదీ అనుకోండి, అంటే 2026 అక్టోబరు 21. అది దసరా రోజుల్లో పడుతుంది, అందుకని సెప్టెంబరు దాటనివ్వకండి. నోటీసులు పంపినంత మాత్రాన, మెయిల్స్ రాసుకున్నంత మాత్రాన, "హెడ్డాఫీసుకు పంపాం, చూస్తాం" అని వాళ్లన్నంత మాత్రాన గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది కానీ దానికి తగిన కారణం చూపాలి. మాటల్లో పెట్టి తిప్పారన్నది సాధారణంగా ఆ కారణం కాదు.

ఇప్పుడు ఆ మిత్రుడి సలహా. చాంబర్‌కి దెబ్బ కొట్టి రాయి తగిలిందని క్లెయిమ్ పెట్టడం. దాని జోలికి వెళ్లకండి. అది మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. దొరకం అనుకుంటున్నారేమో. బండి టోయింగ్ మీద వచ్చినప్పుడు చాంబర్ బాగానే ఉందని వర్క్‌షాప్ జాబ్ కార్డ్ చెప్తుంది, దాన్ని దింపింది వాళ్లే. దొరకలేదనే అనుకుందాం, అప్పుడూ మీకే నష్టం. క్లెయిమ్ ఫారం మీద "రాయి తగిలి ఆయిల్ కారిపోయింది" అని సంతకం పెట్టిన మనిషి, రేపు కమిషన్‌లో రాడ్ వంగడం వల్ల పోయిందని ఎలా చెప్తాడు? వర్క్‌షాప్ వకీలు ఆ ఒక్క కాగితం దాఖలు చేసి కూర్చుంటాడు. నిజం చెప్పి క్లెయిమ్ పెడదామన్నా లాభం లేదు. మామూలు మోటారు పాలసీ అరుగుదలకు, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు డబ్బివ్వదు.

బావగారి సలహాలో మోసం లేదు, తొందర ఉంది. కేసుకు మాత్రం అదీ అంతే చేటు. ఆటోనగర్ మెకానిక్ పనితనం మీద నాకే అనుమానమూ లేదు, నా బండీ అక్కడికే వెళ్తుంది. కానీ సాయంత్రానికల్లా పాత షెల్స్, రాడ్ తూకానికి పోతాయి. తర్వాత ఆయన తెల్లకాగితం మీద "వర్క్‌షాప్ తప్పే" అని రాసిచ్చినా, విప్పేటప్పుడు రెండో పక్షం లేదు, చూపడానికి ముక్క లేదు. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలదనుకున్నప్పుడు నమూనా తీసుకుని సీలు వేసి తగిన లాబొరేటరీకి పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది, ఖర్చు ముందు మీరు కట్టాలి. పంపడానికి ముక్కంటూ ఉండాలి కదా.

కాబట్టి చేయాల్సింది ఇది. ముందు మీరే ఈరోజే వర్క్‌షాప్‌కి ఒక మెయిల్ రాయండి. మూడో సిలిండర్ షెల్స్, మిగతా ఇంజిన్, ఆయిల్ ఫిల్టర్, చాంబర్‌లో దొరికిన లోహపు పొడి ఏదీ పారేయవద్దని, నా అనుమతి లేకుండా ఇంకేమీ విప్పవద్దని. తర్వాత వకీలు ద్వారా నోటీసు వర్క్‌షాప్‌కీ, ఆటోనగర్ గ్యారేజీకీ, ఇద్దరికీ వెళ్లాలి. ఫలానా రోజు ఉదయం ఫలానా చోట ఇంజిన్ విప్పుతున్నాం, వచ్చి చూసుకోండి అని పదిహేను రోజుల వ్యవధి ఇవ్వండి. స్పీడ్ పోస్ట్ రసీదు, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ ప్రింటు దాచండి. బిల్లు లేకపోయినా గ్యారేజీకి యూపీఐలో డబ్బు కట్టానన్నారు కాబట్టి ఆ స్టేట్‌మెంట్ తీయండి. ఆ రోజు లైసెన్సు ఉన్న మోటారు సర్వేయర్‌నో (బండి నష్టం అంచనా వేసే నిపుణుడు), ఇంజినీరింగ్ కాలేజీ మెకానికల్ ప్రొఫెసర్‌నో ఫీజు ఇచ్చి పిలవండి. విప్పడం మొత్తం ఆపకుండా వీడియో తీయించండి. ఏ సిలిండర్, పైదా కిందిదా అని రాసి ఒక్కో షెల్ ఒక్కో కవర్లో పెట్టి సీలు మీద అందరి సంతకాలు తీసుకోండి. రాడ్ వంపు కొలిపించి అంకెల్లో రాయించండి. వాళ్లు రాకపోతే రాలేదని సర్వేయర్ రిపోర్టులో రాస్తాడు, అదీ మీకు పనికొస్తుంది. ఆ రిపోర్టు అఫిడవిట్‌తో ఉండాలి. ఇదంతా అయ్యాక బావగారి మెకానిక్ చేత నిశ్చింతగా బాగు చేయించుకోండి. కేసు తేలేదాకా బండి తుప్పు పట్టాలని ఏ చట్టమూ చెప్పదు.

పార్కింగ్ చార్జీ గురించి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం చేసిన పనికి కూలి ఇచ్చేదాకా బండి ఆపుకునే హక్కు వర్క్‌షాప్‌కి ఉంది. ఉత్తినే నిలబెట్టినందుకు ఆ సెక్షన్ వర్తించదు, మీరు సంతకం పెట్టిన జాబ్ కార్డ్ వెనక అలాంటి షరతు ఉంటే తప్ప. వెనక్కి తిప్పి చదవండి. చాంబర్ దింపిన లేబరు ఎంతో అడిగి "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి కట్టి బండి తెచ్చుకోవడం మేలు. వాళ్లు సగం డిస్కౌంట్ ఇస్తామని ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే మాత్రం, "పూర్తి సంతృప్తితో, ఇక ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న లైను అందులో ఉందేమో చూడకుండా పెన్ను తీయకండి.

20 లక్షలు రావు. కారుకు కారు కూడా రాదు. పాడైన భాగం మార్చితే సరిపోయే చోట మొత్తం బండి మార్చమనడం కుదరదని సుప్రీం కోర్టు 2006లోనే ఒక కారు కేసులో చెప్పింది. మీరు అడగదగ్గవి ఇంజిన్ బాగుచేసిన అసలు ఖర్చు, టోయింగ్, సర్వేయర్ ఫీజు, వడ్డీ, మానసిక వేదనకు ఓ మోస్తరు మొత్తం, కేసు ఖర్చులు. విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, మీరు ఉండే చోట వేసే హక్కు చట్టమే ఇచ్చింది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. మేనేజరు అవమానించిన సంగతి ఫిర్యాదులో ఒక్క వాక్యం చాలు.

మీ మూడో పేజీలో "తెలిసినవాళ్లకు అప్పుడప్పుడు కిరాయికి ఇస్తాను" అని ఒక మాట ఉంది. అదే నిజమైతే వకీలుకు ముందే వివరంగా చెప్పండి. వ్యాపారం కోసం వాడే బండికి వినియోగదారు హోదా లేదని వాళ్లు వాదించడానికి ఆ మాట చాలు.

వాట్సాప్ వీడియోని ఫార్వర్డ్ చేసి పెట్టుకున్నానని రాశారు. ఫార్వర్డ్ కాపీ చాలదు. అసలు ఫైలు, ఆ చాట్ ఉన్న ఫోన్ ఉండాలి, దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే కొనండి, పాతది మాత్రం ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి.